కార్తీకంలో డేగల దారి

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని ఒక గ్రంథాలయంలో, విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్ ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. సభలోంచి వచ్చిన మాటల్ని అలాగే ఉంచాం.)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, మీక్కూడా. మైకు కాస్త ఇటు జరపండి బాబూ. ఆఁ, చాలు.

పొద్దున్న మాతో శాలిహుండం కొండెక్కినవాళ్ళు ముందు వరసలోనే ఉన్నారు. ఇద్దరు అప్పుడే కునికిపాట్లు పడుతున్నారు. లేపకండి పాపం, నాలుగింటికి లేచిన ప్రాణాలు.

ముందుగా ఒక ప్రశ్న. సైబీరియా పక్షులు అనగానే మీకు ఏటి గుర్తొస్తుంది?

(సభలోంచి: తేలినీలాపురం!)

అదీ. తేలుకుంచి అని కూడా ఎవరో అన్నారు. ఏటా చలి మొదలవగానే పేపర్లో ఒక ఫొటో వస్తుంది. చింతచెట్టు నిండా కొంగలు, పైన పెద్దక్షరాలతో "సైబీరియా అతిథులు వచ్చేశాయి" అని. ఆ ఊళ్ళవాళ్ళు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారని కూడా రాస్తారు. ఆడపడుచులన్న మాట నిజం, ఆ ఊళ్ళకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. సైబీరియా అన్నదే నిజం కాదు. తేలినీలాపురంలో దిగేవి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. తేలుకుంచిలోవి నత్తగుల్ల కొంగలు. మూడూ మన దేశంలోను, శ్రీలంకలోను, ఇంకా తూర్పుకి కంబోడియా దాకాను పుట్టి పెరిగేవే. చెరువులో నీరు, చేప చూసుకుని ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోతుంటాయి. మంచు అన్నది వాటికి తెలియదు.

దీన్ని తేల్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పక్షి ఎక్కడ గూడు కట్టి పిల్లల్ని లేపుతుందో అదే దాని సొంతూరు. ఈ కొంగలు మన చింతచెట్ల మీద గూళ్ళు పెడుతున్నాయి, పిల్లల్ని లేపుతున్నాయి. మరి వాటి ఊరు ఏదయింది? మనదే. నిజంగా సైబీరియా నుంచి వచ్చే పక్షి ఇక్కడ గూడు కట్టదు. చలికాలం గడుపుకోవడానికి వస్తుంది, లేదా దారిలో ఒక పూట ఆగి పోతుంది. అలాంటివి మన జిల్లా మీదుగా ఈ నెలంతా పోతూనే ఉన్నాయి. వాటికి ఫొటో లేదు, బోర్డు లేదు, సాంక్చురీ లేదు. ఇవాళ నేను మాట్లాడబోయేది వాటి గురించే. డేగలు, గద్దలు. గోళ్ళతో పట్టి మాంసం తినే జాతి.

కుర్రాళ్ళు నవ్వుతున్నారెందుకో నాకు తెలుసు. డేగ అంటే వాళ్ళకి సంక్రాంతి పందెం కోడి. ఆ డేగ కాదు బాబూ, ఇది ఎగిరే డేగ.

నేను పక్షుల శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. కరెంటు డిపార్టుమెంటులో హెల్పరుగా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాణ్ణి. మా ఉద్యోగంలో మెడ ఎప్పుడూ పైకే ఉంటుంది. స్తంభం, దానిమీది అడ్డకమ్మీ అంటే క్రాస్ ఆర్మ్, ఇన్సులేటరు, తీగల్ని కలిపే ముక్క అంటే జంపరు, ఇవి చూసుకుంటూ లైను వెంట నడవాలి. వాటి మీద కూర్చున్నవి కూడా కనపడతాయి కదా. ఫలానా ఫీడరు మీద, ఫలానా మలుపు స్తంభం మీద, ఏటా కార్తీకానికి ఒక చిన్న డేగ వచ్చి కూర్చుంటుందని, ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోతుందని నాకు తెలుసు. దాని పేరు తెలుసుకోవడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. తొండల డేగ. ఇంగ్లీషులో కెస్ట్రల్ అంటారు.

సరే, ఇవాళ్టి సంగతి. శాలిహుండం గురించి ఇక్కడివాళ్ళకి నేను చెప్పేదేముంది. వంశధార దక్షిణపు గట్టున, కళింగపట్నానికి ఐదు కిలోమీటర్లు. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు దాన్ని గుర్తుపట్టారు, తరవాత తవ్వకాల్లో ఇటుక స్తూపాలు బయటపడ్డాయి. మనకి మాత్రం అది వనభోజనాల కొండ. ఇవాళ కూడా మేం ఎక్కేసరికే కింద రెండు చోట్ల పొయ్యిలు రాజేశారు. ఆ కొండమీదకి నేను ఆకాశం కోసం వెళ్తాను. ఒకపక్క ఏరు, ఒకపక్క సముద్రం, చుట్టూ పల్లపు పొలాలు. గాలి తేటగా ఉంటే ఉత్తరాన కొండల వరస. మన జిల్లాలో కొండలూ సముద్రమూ బాగా దగ్గరకి వచ్చేస్తాయి. మహేంద్రగిరి 1501 మీటర్లు, ఒడిశాలో ఉంది కానీ నీడ మన మీదే పడుతుంది. ఇటు చూస్తే 193 కిలోమీటర్ల తీరం, రాష్ట్రంలో ఏ జిల్లాకీ అంత లేదు. ఈ రెంటి మధ్యా సన్నటి మైదానం.

ఆరింటికల్లా కొండమీద కూర్చున్నాం. ఏడయింది. ఏడున్నరయింది. పావురాలు, చిలకలు, ఒక పాలపిట్ట. డేగ జాడ లేదు. పిల్లలు నా మొహం చూస్తున్నారు. ఒకమ్మాయి ధైర్యం చేసి, "తాతగారూ, అవి ఇవాళ సెలవేమో" అంది.

సెలవు కాదు తల్లీ, గద్ద ఆలస్యంగా లేచే పక్షి. మిమ్మల్ని నాలుగింటికి లేపింది కూడా దాని కోసం కాదు, మీ మేష్టర్లు చిన్నపిట్టలు చూపించమన్నారు. గద్దల కోసం అయితే తొమ్మిదింటికి వచ్చినా సరిపోతుంది. ఎందుకంటే దానికి ఎండ కావాలి. ఎండెక్కాక నేల అంతా ఒక్క తీరుగా వేడెక్కదు. నీరున్న మడి నెమ్మదిగా వేడెక్కుతుంది. కోసేసిన పొలం, తారురోడ్డు, ఇటుకబట్టీ, బండరాయి తొందరగా వేడెక్కుతాయి. వాటి మీదున్న గాలి తేలికై నిటారుగా పైకి లేస్తుంది. నాకైతే అది కంటికి కనపడని స్తంభం. గద్ద ఆ గాలిలోకి దూరి, రెక్కలు బారచాచి, దాని చుట్టూ తిరుగుతూ పైకి పోతుంది. రెక్క కొట్టదు. బాగా పైకి పోయాక రెక్క కొంచెం ముడిచి, తనకి కావలసిన దిక్కుకి జారుతూ పోతుంది. కిందికి వచ్చేసరికి ఇంకో చోట ఇంకో స్తంభం. కడుపులో ఉన్నది ఖర్చు పెట్టకుండా రోజుకి ఎంతో దూరం అలా నడిపించేస్తుంది.

దీన్నిబట్టి ఇంకొకటి తెలుస్తుంది. సముద్రం మీద ఇలాంటి వేడిగాలి సరిగా లేవదు. అందుకని వెడల్పు రెక్కల జాతి, అంటే గద్దలు, ఇంగ్లీషులో ఈగిల్ అనే పెద్ద పెద్ద సాళువలు, సముద్రం దాటడానికి జంకుతాయి. నేల వెంటే పోతాయి. సన్నటి, మొనదేలిన రెక్కల డేగలు ఉన్నాయే, అవి రెక్క కొట్టుకుంటూ సముద్రం కూడా దాటేస్తాయి. దాటేవాటి కథ తరవాత చెప్తాను.

తొమ్మిదిన్నర దాటాక కొండకి పడమట కోసిన పొలాల మీద ఒక గద్ద లేచింది. తరవాత రెండు. చూస్తుండగా గుంపు. అన్నీ ఒకే చోట, ఒకదాని కింద ఒకటి, సుడి తిరుగుతూ. ఎక్కువ మామూలు గద్దలే. వాటి తోక చివర లోపలికి చీలి ఉంటుంది చూశారా, అదే గుర్తు. అవి మన ఊరివే కావచ్చు, ఉత్తరాది నుంచి చలికాలానికి దిగినవీ కలిసి ఉండొచ్చు. అలాంటి గుంపు కనపడితే ఒక పని చెయ్యండి. గద్ద కానిది ఏదైనా అందులో ఉందా అని వెతకండి. పరాయి ఊరి పెద్దమనిషి పెళ్ళివారి బస్సెక్కినట్టు, దారినపోయే డేగలు కూడా ఆ గుంపులో చేరిపోతాయి. ఇవాళ ఒకటి చేరింది.

కొత్తగా చూసేవాళ్ళు మొదట రంగు చూస్తారు. రంగు నమ్మకండి. వెలుగు వెనకనుంచి పడితే అన్నీ నలుపే. ఆకారం చూడండి, రెక్కలు ఎలా పట్టిందో చూడండి. ఇదిగో, నా చేతులు చూడండి. ఇలా బల్లపరుపుగా చాచితే గద్దో సాళువో. ఇలా రెండు చేతులూ పైకి లేపి పట్టుకుని అటూ ఇటూ ఊగుతూ పోతుంటే పిల్లిగద్ద. ఇలా మోచెయ్యి దగ్గర వంచి, చివర మొనదేలి, గబగబా కొడుతుంటే డేగజాతి. ఇవాళ ఆ గుంపులో చేరినది తోక చీలిక లేనిది, కొంచెం పొట్టిది. కింద రెక్క ముందుభాగం తెలుపు, వెనకభాగం నలుపు. సుడి తిరిగి మావైపు ఎదురుగా వచ్చినప్పుడు, ఆ "సెలవేమో" అన్న అమ్మాయే, "దాని మెడకి రెండుపక్కలా రెండు తెల్ల చుక్కలున్నాయి" అని అరిచింది. పుస్తకంలో సరిగ్గా అదే రాసి ఉంటుంది. ఉడుతల గద్ద. ఇంగ్లీషులో బూటెడ్ ఈగిల్. మధ్య ఆసియా నుంచి మనకి చలికాలానికి వస్తుంది. రెండు నిమిషాలు తిరిగి, దక్షిణానికి జారుకుంది.

అముర్ డేగ మాత్రం ఇవాళ కనపడలేదు. కనపడనిదాని గురించే ఎక్కువ చెప్తానేమో, ఏమనుకోకండి.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస ఎలా నేలకొరిగాయో మీలో చాలామంది కళ్ళారా చూశారు. మాకు స్తంభాలు వేలల్లో పోయాయి. ఊళ్ళకి కరెంటు ఇచ్చాక కూడా, నవంబరులో, పొలాల్లో మోటారు సర్వీసులు సరిచేస్తూనే ఉన్నాం. ఒక సాయంత్రం వజ్రపుకొత్తూరు వైపు పని. ముందురోజు వాన పడింది. కొత్తగా లాగిన తీగ, ఇంకా కరెంటు ఇవ్వలేదు. తలెత్తేసరికి ఆ తీగమీద చిన్న డేగలు బారుగా కూర్చుని ఉన్నాయి. పావురమంత ఉంటుందేమో ఒక్కోటి. మగది సీసం రంగు, తొడల దగ్గర ఇటుక రంగు, కాళ్ళు నారింజ ఎరుపు. ఆడదానికి తెల్లటి రొమ్ముమీద నల్ల గీతలు. కింద పడిపోయిన జీడితోటలోంచి ఉసుళ్ళు, అంటే రెక్కల చెదపురుగులు, లేస్తున్నాయి. మన పల్లెల్లో వేపుకు తింటారే, అవే. డేగ తీగమీంచి దూకుతుంది, ఉసుల్ని కాలితో అందుకుంటుంది, ఎగురుతూనే కాలు ముక్కు దగ్గరికి తెచ్చుకుని తింటుంది. రెక్కలు మాత్రం తినదు. ఆ రెక్కలు మా మీద రాలుతున్నాయి. మా హెల్పరు కుర్రాడు జుట్టులోంచి అవి దులుపుకుంటూ, "ఇవేటండీ, ఇంతమంది ఎక్కణ్ణించొచ్చారు" అన్నాడు. నాకు అప్పటికి తెలియదు. మర్నాడు అదే చోటికి వెళ్తే ఒక్కటి లేదు.

ఎక్కణ్ణించి వచ్చాయో తరవాత చదువుకున్నాను. అవే అముర్ డేగలు. అముర్ అనేది రష్యాకీ చైనాకీ మధ్య పారే పెద్ద నది. దాని చుట్టుపక్కల, తూర్పు సైబీరియాలోను, మంగోలియాలోను, చైనా ఈశాన్యంలోను ఇవి పిల్లల్ని లేపుతాయి. చలి రాగానే బయల్దేరి అక్టోబరు, నవంబరు నెలల్లో మన నాగాలాండ్, మణిపూర్ చేరతాయి. అక్కడ ఉసుళ్ళు తిని ఒళ్ళు చేస్తాయి. అక్కణ్ణించి లేచి, బంగాళాఖాతం మీదుగా మన తీరానికి వచ్చి, దక్కను దాటి, అరేబియా సముద్రం మీద ఎక్కడా ఆగకుండా ఎగిరి, సోమాలియాలో దిగుతాయి. ఆపైన దక్షిణాఫ్రికా దాకా పోతాయి. తిరుగు ప్రయాణం కూడా కలుపుకుంటే ఏడాదికి 20 వేల కిలోమీటర్ల పైమాట. బరువెంతో తెలుసా? 150 గ్రాములు, అటూ ఇటూ. సముద్రం మీద వాటికి తిండి? మన తూనీగల్లో ఒక జాతి ఇదే కాలంలో, ఇదే గాలి పట్టుకుని హిందూ మహాసముద్రం దాటుతుంది. డేగలు దారిలో వాటిని తింటాయని శాస్త్రవేత్తల అంచనా.

నాగాలాండ్‌లో వోఖా జిల్లా, దోయాంగ్ అని ఒక రిజర్వాయరు. దాని ఒడ్డున పాంగ్టి అని ఊరు. లక్షల డేగలు అక్కడ దిగుతాయి. 2012లో అక్కడ జరిగింది వీడియోలో ప్రపంచమంతా చూసింది. అవి రాత్రి చెట్లమీదకి చేరే దారిలో చేపల వలలు కట్టి పట్టేవారు. రోజుకి 12 వేల నుంచి 14 వేల దాకా చంపేవారని అప్పటి అంచనా. మాంసానికి, అమ్ముకోవడానికి. వాళ్ళని తిట్టడం తేలిక. డ్యాము కట్టాక పొలాలు మునిగి, చేపలమీద బతుకు సరిపోక, ఆకాశంలోంచి వచ్చిపడిన ఆదాయం అది. అలాంటిది మరుసటి ఏడే, 2013లో, ఒక్క వల లేవలేదు. ఊరి పెద్దలు, చర్చి, స్వచ్ఛంద సంస్థలు, అటవీశాఖ అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. పెట్టిన మాట మీద ఊరు నిలబడింది. నాకు పోలీసుల వల్ల జరిగిన పనుల మీదకన్నా ఇలాంటి వాటి మీద నమ్మకం ఎక్కువ.

ఆ ఏడు నవంబరులోనే మూడు డేగలకి ఐదేసి గ్రాముల ట్రాన్స్‌మిటర్లు కట్టారు, ఎండతో నడిచేవి. వాటికి పేర్లు నాగా, వోఖా, పాంగ్టి. అవి పోయిన దారి ఉపగ్రహం నుంచి తెలిసింది. ఆ దారిలో మన ఆంధ్రా కూడా ఉంది. పాంగ్టి వాళ్ళు వలలు తీసేసి పంపిన డేగలే మన కార్తీకంలో మన తీగలమీద వాలుతున్నాయి. మన వంతు ఏటి అన్నది మీరే ఆలోచించుకోండి. 2016లో మన దేశం ఈ వేట పక్షుల వలస మీద అంతర్జాతీయ ఒప్పందంలో సంతకం కూడా పెట్టింది.

టైమెంతయింది? సరే, తొందరగా పోదాం.

మధ్యాహ్నం కళింగపట్నం వెళ్ళాం. ఏరు సముద్రంలో కలిసే చోట ఇసుక మేటలు. అక్కడ కొరమీను గద్ద దొరికింది. పొడుగు రెక్కలు, తెల్లటి తల, కంటిమీంచి నల్ల పట్టీ. చేప తప్ప ఇంకోటి ముట్టదు. జారకుండా పట్టుకోవడానికి దాని అరికాళ్ళకి ముళ్ళుంటాయి, బయటి వేలు వెనక్కి కూడా తిరుగుతుంది. చేప పట్టాక తల ముందుకి వచ్చేలా తిప్పుకుని తీసుకుపోతుంది, గాలి తన్నకుండా. ఇవాళ మూడుసార్లు దూకి మూడుసార్లూ వట్టి కాళ్ళతో లేచింది. ఒడ్డున వలేసుకుంటున్న పెద్దాయన ఒకాయన, "నా కథా అంతే" అన్నాడు.

అక్కడే సెల్ టవరు మీద బైరి ఉంది. పెరెగ్రిన్ అని వినే ఉంటారు. ఏ జీవీ అంత వేగంగా పోదు, పైనుంచి దూకేటప్పుడు గంటకి 300 కిలోమీటర్లు దాటుతుంది. మన తీరానికి చలికాలంలో వచ్చే రకం ఉత్తరాన సైబీరియా చెట్లులేని మంచు మైదానాల్లో గూడు పెడుతుంది. మా దగ్గర ట్రైపాడ్ మీద పెట్టే టెలిస్కోపు ఒకటుంది, పిల్లలందరూ వరసగా చూశారు. అది అప్పుడే ఒక ఉల్లంకి పిట్టని పట్టుకుంది. ఎడమకాలితో అదిమిపెట్టి, రొమ్ము ఈకలు పీకి వదిలేస్తోంది. గాలికి ఒక్కో ఈకా ఇటువైపు కొట్టుకొస్తోంది. కంటికింద నల్లటి మీసంలా గీత. పైముక్కు అంచున ఒక నొక్కు ఉంటుంది, దాంతో మెడ ఎముక తుంచుతుంది. మిగతా గద్దలు గోళ్ళతో చంపుతాయి, డేగజాతి ముక్కుతో చంపుతుంది. ఒక కుర్రాడికి కడుపులో తిప్పి పక్కకి పోయాడు, తప్పులేదు. ఆ ఉల్లంకి కూడా సైబీరియాదే అయి ఉంటుంది. రెండూ అంత దూరం వేరువేరుగా వచ్చి కళింగపట్నంలో కలుసుకున్నాయి.

సాయంత్రానికి వెనక్కి, ఏటిగట్టు పొలాల్లోకి. వరి కోత మిషను ఒక మడిలో తిరుగుతోంది. దాని వెనక తెల్లకొంగలు, పైన ఒక పిల్లిగద్ద. నాకు ఈ జాతిలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. మనిషి నిలువెత్తులో, పొలం మీద ఈ గట్టునుంచి ఆ గట్టుకి, ఆ గట్టునుంచి ఈ గట్టుకి నెమ్మదిగా వెతుక్కుంటూ పోతుంది. రెక్కలు పైకి లేపి ఊగుతూ. ఇవాళ చూసింది ఆడది, ముదురు చాక్లెట్ రంగు ఒళ్ళు, మీగడ రంగు తల. తుంగల్లో తిరిగే రకం. వీటి మొహం గుడ్లగూబ మొహంలా గుండ్రంగా ఉంటుంది, గడ్డిలో ఎలక కదిలిన చప్పుడు చెవితో పట్టడానికి. మన పొలంమీంచి పోతూ టక్కున ఆగి, తోక విప్పి, ఒక్క మెలికతో గడ్డిలోకి పడిపోయింది. లేచినప్పుడు కాలికి ఎలక.

రైతులున్నారు కదా ఇక్కడ? ఎలక బాధ మీకు నేను చెప్పాలా. పిల్లిగద్ద పగలు పట్టేది, రాత్రి గుడ్లగూబ పట్టేది. ఏడాది పొడుగునా ఉండే అడవి రామదాసు, ఆ తెల్లటి ఎర్రకళ్ళ చిన్న గద్ద, తీగమీద కూర్చుని తోక ఆడిస్తూ ఉంటుందే, దానికి ఎలకే తిండి. చేలో మనం ఎలకమందు పెడతాం. మందు తిన్న ఎలక వెంటనే చావదు, మత్తుగా బయట తిరుగుతుంది, అదే ముందు దొరుకుతుంది గద్దకి. ఎలకతోపాటు ఎలకని పట్టేదాన్ని కూడా మనమే తీసేస్తున్నాం. మినుము, పెసర వేసినప్పుడు వ్యవసాయశాఖ వాళ్ళు పొలంలో పంగలకర్రలు పాతమంటారు, పురుగు తినే పిట్టలు వాలడానికి. ఆ కర్ర కొంచెం పొడుగ్గా, గట్టిగా ఉంటే దానిమీద రామదాసు కూడా వాలుతుంది. ఖర్చులేని పని.

మందు సంగతి వచ్చింది గనక. రాబందుల్ని చూసినవాళ్ళు చెయ్యెత్తండి. చూశారా, చేతులన్నీ నెరిసిన జుట్టువాళ్ళవే. పశువులకి వేసే డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు చచ్చిన పశువు మాంసంలో ఉండిపోయి, తిన్న రాబందుకి మూత్రపిండాలు పాడయ్యేవి. వీపు తెల్లగా ఉండే రకం దేశంలో నూటికి తొంభై తొమ్మిది పైగా పోయాయి. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు, 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ కూడా. పశువుల డాక్టరుని మెలాక్సికమ్ అడగండి, అది రాబందుకి హాని చెయ్యదు.

ఇంకొక్క సంగతి. పిల్లిగద్దలు చెట్టుమీద పడుకోవు, నేలమీద గడ్డిలో పడుకుంటాయి. ఒకే చోట గుంపుగా. గుజరాత్‌లో వేళావదర్, మన కర్నూలు వైపు రోళ్ళపాడు అందుకే పేరుపడ్డాయి. మరి మన దగ్గర? ఏటి మేటలమీద రెల్లు, నౌపడా పక్క తంపర, సోంపేట బీల. తంపరన్నా బీలన్నా చిత్తడి నేలే. ఈ జాగాలన్నిటికీ రెవెన్యూ కాగితంలో ఒకటే మాట, పనికిరానివి అని. బీలలో థర్మల్ కరెంటు కేంద్రం పెట్టబోతే, అది పనికిరానిది కాదని చెప్పడానికి 2010 జూలైలో సోంపేటలో జనం ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ళు చేప కోసం, గడ్డి కోసం, వరి కోసం కొట్లాడారు, పిల్లిగద్ద కోసం కాదు. అయినా దాని పడక కూడా దాంతోపాటే మిగిలింది. కొంగకి చింతచెట్టు చాలు, దానికి బోర్డు పెట్టొచ్చు. పిల్లిగద్దకి ఎవరూ ముట్టుకోని ఖాళీ జాగా కావాలి. బోర్డు ఎక్కడ పెడతారు?

మా డిపార్టుమెంటు తప్పు కూడా చెప్పాలి కదా. 11 కె.వి. స్తంభం మీద పెద్ద గద్ద వాలి రెక్క విప్పితే, ఒక పక్క ఇనప క్రాస్ ఆర్మ్, ఇంకోపక్క జంపరు, రెండూ ఒకేసారి తగులుతాయి. అక్కడితో సరి. చిన్న డేగకి రెక్క అందదు, దానికి భయంలేదు. జంపరుకి ఇన్సులేషన్ గొట్టం తొడిగితే సమస్య తీరుతుంది. పక్షి బతుకుతుంది, ఫీడరు ట్రిప్ అవ్వదు, రాత్రి పన్నెండింటికి లైన్‌మన్ నిద్ర లేవక్కర్లేదు.

ఇక ఎవరైనా అడగండి.

(ఒక విద్యార్థిని: బైనాక్యులర్స్ లేకపోతే ఎలాగండి?)

లేకపోయినా మొదలుపెట్టొచ్చు తల్లీ. గద్దజాతి పెద్దది, ఆకారం మామూలు కంటికే తెలుస్తుంది. ఒక నోటు పుస్తకం పెట్టుకో. తేదీ, వేళ, ఏ దిక్కునుంచి ఏ దిక్కుకి పోయింది, రెక్కలు ఎలా పట్టింది. పేరు తరవాత చూసుకోవచ్చు. కొనగలిగితే మీద ఎనిమిది ఇంటూ నలభై రెండు అని రాసి ఉన్నది కొను. ఇరవై రెట్లు, ముప్ఫై రెట్లు అని అమ్మేవి కొనకు, చెయ్యి వణికి ఏమీ కనపడదు. ఫోన్‌లో ఈబర్డ్ అని ఒక యాప్ ఉంది, అందులో రాస్తే నీ లెక్క శాస్త్రవేత్తలకి కూడా ఉపయోగపడుతుంది. మన జిల్లా నుంచి రాసేవాళ్ళు తక్కువ.

(ఒక రైతు: అన్నీ బాగానే ఉన్నాయి గానీ బాబూ, మా కోడిపిల్లల్ని తన్నుకుపోయే గద్దని కూడా కాపాడమంటారా?)

(నవ్వులు.) ఈ ప్రశ్న రాకపోతే ఇది మన ఊరి సభ కాదు. కోడిపిల్లని తీసుకుపోయేది దారినపోయే సైబీరియావాడు కాదన్నా, మన ఊరిదే. మామూలు గద్ద, లేకపోతే జాలె డేగ. అముర్ డేగకి ఉసుళ్ళు చాలు. కొరమీను గద్ద మీ కోడిని చూడను కూడా చూడదు. చట్టం ప్రకారం ఏ గద్దని చంపినా నేరమే, ఆ సంగతి అలా ఉంచండి. పిల్లలు పుట్టిన మొదటి మూడు నాలుగు వారాలు గంప కింద ఉంచండి, లేదా పెరట్లో పాత చేపల వల పందిరిలా కట్టండి. మీ అమ్మగారి కాలంలో అలాగే చేసేవారు కదా?

(రైతు: చేసేవారు. ఇప్పుడెవరికి ఓపిక?)

వల నేను తెస్తాను, కట్టడానికి మీ అబ్బాయిని పంపండి.